రెండు కవర్లు, ఒక సంతకం: బర్మింగ్‌హామ్ పోస్టల్ ఓట్ల కేసు

2004 జూన్ 10న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి. ఆస్టన్, బోర్డ్‌స్లీ గ్రీన్ అనే రెండు వార్డుల్లో లేబర్ పార్టీ వాళ్లు ముగ్గురేసి చొప్పున ఆరుగురు కౌన్సిలర్లుగా గెలిచారు. 2005 ఏప్రిల్ 4న ఎలక్షన్ కోర్టు ఆ రెండు వార్డుల ఎన్నికా చెల్లదని తీర్పు చెప్పింది. కారణం పోస్టల్ ఓట్లు. ఎవరో ఒకరిద్దరు చాటుగా చేసిన పని కాదు, ఒక పద్ధతి ప్రకారం పెద్ద ఎత్తున మోసం జరిగిందని విచారణ జరిపిన రిచర్డ్ మౌరీ నిర్ధారించారు. తన ముందుకొచ్చిన సాక్ష్యాలు ‘బనానా రిపబ్లిక్’కు కూడా సిగ్గుచేటని ఆయన అన్న మాట బ్రిటన్ అంతటా మారుమోగింది.

నేను బర్మింగ్‌హామ్ ఉన్న వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఎన్నికలప్పుడు పోలింగ్ స్టేషన్ ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా, పోస్టల్ ఓట్లు విప్పే బల్లల దగ్గర సూపర్‌వైజర్‌గా పనిచేస్తాను. 2004 నాటి ఎన్నికతో నాకు సంబంధం లేదు. అయినా కొత్తగా చేరే సిబ్బందికి పని నేర్పేటప్పుడు ఈ కేసు దగ్గరే మొదలుపెడతాను. ఇవాళ మేం బల్ల మీద పాటించే నియమాల్లో చాలావరకు ఈ తీర్పు వెనకాలే వచ్చాయి. ఏ నియమం ఎందుకు పుట్టిందో తెలియకపోతే దాన్ని చేసేవాళ్లు మొక్కుబడిగా చేస్తారు.

తెలుగులో రాయడానికి ఇంకో కారణం ఉంది. భారత పౌరసత్వం వదులుకోకుండా చట్టబద్ధమైన వీసా మీద ఇక్కడ నివసిస్తున్న తెలుగువాళ్లకు కూడా కామన్వెల్త్ పౌరులుగా ఇంగ్లండ్‌లో ఓటు హక్కు ఉంది. కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఉంది. స్టూడెంట్ వీసా అయినా, స్కిల్డ్ వర్కర్ వీసా అయినా అంతే. శాశ్వత నివాస హక్కు వచ్చాక కౌన్సిలర్‌గా పోటీ కూడా చేయవచ్చు. డిపాజిట్ కట్టక్కర్లేదు, ఇప్పుడైతే ఇద్దరు ఓటర్ల సంతకాలుంటే నామినేషన్‌కు సరిపోతుంది. ఇది తెలియని కుటుంబాలు చాలానే కనిపిస్తాయి. తెలిసి నమోదు చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది పోస్టల్ ఓటే ఎంచుకుంటారు. ఉద్యోగాలు, షిఫ్టులు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లకు అదే వీలు. అందుకని ఈ కేసు మనకు పరాయిది కాదు.

వార్డులో మూడు గుర్తులు

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ అంటే మన మునిసిపల్ కార్పొరేషన్ కంటే బరువైన సంస్థ. బర్మింగ్‌హామ్ లాంటి నగరంలో చెత్త తీయడం, రోడ్లు, ఇళ్ల కేటాయింపు, ప్లానింగ్ అనుమతులు మాత్రమే కాదు, వృద్ధుల సంరక్షణ, పిల్లల రక్షణ, స్కూల్ సీట్లు కూడా కౌన్సిల్ చేతుల్లోనే ఉంటాయి. ఇదే బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబర్ 5న, ఇక కొత్త ఖర్చులకు డబ్బు లేదని చెప్పే సెక్షన్ 114 నోటీసు ఇచ్చినప్పుడు ఆ దెబ్బ లైబ్రరీల దగ్గర్నుంచి కౌన్సిల్ పన్ను దాకా అన్ని ఇళ్లకూ తగిలింది. వార్డు కౌన్సిలర్ ఎవరన్నది అక్కడి వాళ్లకు రోజువారీ విషయం.

2004లో బర్మింగ్‌హామ్‌లో 40 వార్డులు, వార్డుకు ముగ్గురు చొప్పున 120 మంది కౌన్సిలర్లు ఉండేవారు. మామూలుగా ఏటా మూడో వంతు సీట్లకే ఎన్నిక జరిగేది. ఆ ఏడాది వార్డుల సరిహద్దులు మారినందువల్ల అన్ని సీట్లకూ ఒకేసారి పెట్టారు. ఓటరుకు మూడు గుర్తులు పెట్టే హక్కు ఉంటుంది. పెన్సిల్‌తో ముగ్గురు అభ్యర్థుల పేర్ల ఎదురుగా అడ్డంగా ఒక్కో గుర్తు గీస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ముగ్గురూ గెలుస్తారు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. చాలామంది ఓటర్లు మూడు గుర్తులూ ఒకే పార్టీకి పెడతారు. కాబట్టి పార్టీకి కొంచెం ఆధిక్యం వచ్చినా మూడు సీట్లూ దానికే పోతాయి. దొంగ ఓటు వేసేవాడికి కూడా అదే లాభం. ఒక్క బ్యాలెట్ పేపర్ చేజిక్కించుకుంటే మూడు ఓట్లు దొరుకుతాయి. ఒక వార్డులో వెయ్యి కాగితాలు పోగేస్తే ముగ్గురు కౌన్సిలర్లు చేతికొస్తారు. లండన్‌లోని బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్ లాంటి కౌన్సిళ్లలో 2010 నుంచి 2022 దాకా జరిగిన ప్రతి ఎన్నికలోనూ 51కి 51 సీట్లూ లేబర్‌కే వచ్చాయి. అక్కడ మోసం ఏమీ లేదు, ఓట్లను సీట్లుగా మార్చే పద్ధతే అలాంటిది. అలాంటి పద్ధతిలోకి మోసం చొరబడితే ఎంత లాభిస్తుందో ఆస్టన్, బోర్డ్‌స్లీ గ్రీన్ చూపించాయి.

2004లో ఆ రెండు వార్డుల్లో పోటీ గట్టిగా ఉంది. లేబర్ ప్రభుత్వం దిగిన ఇరాక్ యుద్ధం మీద కోపంతో ముస్లిం ఓటర్లలో చాలామంది లేబర్‌కు దూరమయ్యారు. ఆస్టన్‌లో లిబరల్ డెమొక్రాట్లు, బోర్డ్‌స్లీ గ్రీన్‌లో కశ్మీరీ మూలాలున్న పీపుల్స్ జస్టిస్ పార్టీ గెలుపు మీద ఆశతో ఉన్నాయి. ఎప్పుడూ తమదే అనుకున్న కోట పోతుందన్న భయం ఎంత పని చేయిస్తుందో మన ఊళ్ల ఎన్నికలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కవరు నడిచిన దారి

2000 సంవత్సరపు చట్టానికి ముందు ఇంగ్లండ్‌లో పోస్టల్ ఓటు కావాలంటే జబ్బనో, ఉద్యోగమనో కారణం చూపించాలి. ఆ చట్టం తర్వాత అడిగినవాళ్లందరికీ ఇవ్వడం మొదలైంది. ఓటింగ్ శాతం పడిపోతోందన్న దిగులుతో తెచ్చిన మార్పు అది. ఉద్దేశం మంచిదే. బర్మింగ్‌హామ్‌లో 2003లో సుమారు 28 వేలున్న పోస్టల్ ఓటు దరఖాస్తులు 2004కల్లా 70 వేలకు చేరాయి.

అప్పటి పద్ధతి ఇలా ఉండేది. ఓటరు పేరుతో ఒక దరఖాస్తు వెళ్తుంది. దాని మీద ఒక సంతకం ఉంటుంది. బ్యాలెట్‌ను తన ఇంటికి కాకుండా వేరే చిరునామాకు పంపమని కూడా అడగవచ్చు. కొన్నాళ్లకు బ్యాలెట్ పేపర్, ఒక గుర్తింపు ప్రకటన ఫారం, రెండు కవర్లు వస్తాయి. బ్యాలెట్ చిన్న కవర్లోకి, ఆ కవరు, ఫారం కలిపి పెద్ద కవర్లోకి వెళ్తాయి. ఫారం మీద ఓటరు సంతకం పెట్టాలి, పక్కన ఒక సాక్షి సంతకం పెట్టాలి. ఆ సాక్షి ఎవరైనా కావచ్చు.

కౌన్సిల్ ఆఫీసుకు కవరు తిరిగొచ్చాక ఆ సంతకాన్ని మొదటి దరఖాస్తు మీది సంతకంతో పోల్చి చూడాలన్న నియమం లేదు. సంతకం ఉందా లేదా అన్నదే చూసేవాళ్లు. అంటే ఏదో ఒక చేయి రెండు గీతలు గీస్తే చాలు. ఈ ఒక్క ఖాళీలోంచే మొత్తం వ్యవహారం నడిచింది.

ఓటర్లకు తెలియకుండా వాళ్ల పేర్ల మీద దరఖాస్తులు వెళ్లాయి. బ్యాలెట్లు వేరే చిరునామాలకు మళ్లాయి. ఇంటికొచ్చి ‘మేం నింపి పంపిస్తాం’ అంటూ ఖాళీ కాగితాలు పట్టుకెళ్లారు. పోలింగ్‌కు ముందు ఒక రాత్రి ఫిర్యాదు అందుకున్న పోలీసులు ఒక పారిశ్రామికవాడలోని గోదాముకు వెళ్తే, అభ్యర్థుల పక్షంవాళ్లు బల్ల మీద పోస్టల్ ఓట్లు పరుచుకుని కనిపించారు. కోర్టు ముందుకు ఇవన్నీ వచ్చాయి. ఒక్కో వార్డులో దొంగ ఓట్లు వెయ్యికి తగ్గవని కోర్టు లెక్కకట్టింది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ కేసు గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ‘ఆ వలస జనం అంతే’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది అన్యాయం. ఓటు పోగొట్టుకున్నది ఆ వార్డుల జనమే. కోర్టుకెక్కిందీ, సాక్ష్యం చెప్పిందీ వాళ్లే. ఒకే వీధిలో ఉంటూ, ఒకే మసీదుకు వెళ్తూ, పెళ్లిళ్లలో ఎదురుపడే బంధువులకు వ్యతిరేకంగా నిలబడి మాట్లాడటం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. వాళ్ల తెగువ వల్లే దేశమంతటికీ చట్టం మారింది.

కోర్టు దాకా వెళ్లడం

మన దేశంలో పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల పిటిషన్లు హైకోర్టులో పడతాయి. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఎన్నిక మీద పిటిషన్‌ను అనుభవమున్న ఒక న్యాయవాది కమిషనర్‌గా కూర్చుని వింటారు. మౌరీ అలా వచ్చినవారే. ఆ వార్డులో ఓటు హక్కున్న నలుగురు కలిసి పిటిషన్ వేయవచ్చు, పోటీ చేసిన అభ్యర్థి ఒక్కరైనా వేయవచ్చు. గడువు 21 రోజులు. ఖర్చుల హామీగా డబ్బు కట్టాలి, లాయర్‌ను సొంత ఖర్చుతోనే పెట్టుకోవాలి. మోసం జరిగిందని ఇక్కడి ఎలక్టొరల్ కమిషన్‌కో, పోలీసులకో ఫిర్యాదు చేస్తే ఎన్నిక రద్దు కాదు. మామూలు మనుషులు జేబులోంచి డబ్బు తీసి, ఓడిపోతే అవతలివాళ్ల ఖర్చులు కూడా మోయాల్సి రావచ్చన్న టెన్షన్‌తో ముందుకు రావాలి. ఇది ఇప్పటికీ మారలేదు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

తీర్పులో ఆరుగురూ అవినీతి, అక్రమ పద్ధతులకు బాధ్యులని వచ్చింది. వాళ్లలో ఒకరి మీద వచ్చిన నిర్ధారణను తర్వాత అప్పీల్ కోర్టు కొట్టేసింది. ఆయన విషయంలో విచారణ న్యాయంగా సాగలేదన్నది కారణం. ఈ సంగతి చెప్పకుండా కేసును చెప్పడం తప్పు, అందుకే శిక్షణలో తప్పకుండా చెబుతాను. ఎన్నిక రద్దు మాత్రం అలాగే నిలిచింది.

ఈ రోగం ఒక్క పార్టీది కూడా కాదు. 2007లో స్లౌ సెంట్రల్ వార్డులో గెలిచిన కన్సర్వేటివ్ అభ్యర్థి ఎన్నికను 2008లో ఇదే మౌరీ రద్దు చేశారు. అక్కడ లేని ఓటర్లను జాబితాలో చేర్పించి వాళ్ల పేరిట పోస్టల్ ఓట్లు వేశారు. 2014లో లండన్‌లోని టవర్ హామ్లెట్స్ మేయర్‌గా గెలిచిన లుత్ఫుర్ రెహమాన్ ఎన్నికను నలుగురు ఓటర్ల పిటిషన్ మీద 2015 ఏప్రిల్ 23న రద్దు చేసిందీ ఆయనే. ఐదేళ్లు పోటీకి దూరమైన రెహమాన్ 2022లో మళ్లీ నిలబడి గెలిచారు.

తీర్పు తర్వాత వచ్చిన తాళాలు

2006లో వచ్చిన ఎలక్టొరల్ అడ్మినిస్ట్రేషన్ చట్టం అసలు ఖాళీని పూడ్చింది. దరఖాస్తులో సంతకంతో పాటు పుట్టినతేదీ తప్పనిసరి చేశారు. కవరుతో వచ్చే ప్రకటన మీద మళ్లీ సంతకం, పుట్టినతేదీ రాయాలి. రెండూ కలవకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు. ఎవరో ఒకరి సాక్షి సంతకం అన్న తంతు పోయింది. మొదట్లో కనీసం ఐదో వంతు కవర్లు పోల్చి చూడాలనేవారు, 2014 నుంచి ప్రతి కవరునూ పోల్చడం తప్పనిసరైంది. ఆ ఏడాదే ఇంటి పెద్ద ఒక ఫారం నింపి ఇంట్లో అందరినీ ఓటర్లుగా చేర్చే పాత పద్ధతి కూడా పోయింది. ఎవరి నమోదు వాళ్లే, తమ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో (పన్నులు, పెన్షన్ లెక్కల కోసం ఒక్కొక్కరికీ ప్రభుత్వం ఇచ్చే నంబరు) చేసుకోవాలి. స్లౌ లాంటి చోట్ల పుట్టుకొచ్చిన దొంగ పేర్లకు అది మంచి మందు.

2022 ఎలక్షన్స్ చట్టం ఇంకొన్ని తెచ్చింది. పార్టీ ప్రచారకులు ఇతరుల పోస్టల్ ఓట్లను ముట్టుకోవడం నేరం, తమ కుటుంబసభ్యులవీ, తాము చూసుకునేవాళ్లవీ తప్ప. పోలింగ్ స్టేషన్‌లోనో, కౌన్సిల్ ఆఫీసులోనో ఒక మనిషి తనది కాక ఇంకో ఐదు కవర్ల వరకే ఇవ్వగలరు, అది కూడా ఒక ఫారం నింపి. ఈ రెండూ 2024 మే 2 ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చాయి. పోస్టల్ ఓటు మూడేళ్లకు మించి ఉండదు, మళ్లీ దరఖాస్తు చేయాలి.

అదే చట్టం కింద 2023 మే 4 నుంచి పోలింగ్ స్టేషన్లలో ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి అయింది. దీని మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆస్టన్, బోర్డ్‌స్లీ గ్రీన్‌లలో జరిగిన ఆ పోస్టల్ మోసంలో ఒక్క ఓటును కూడా ఫొటో కార్డు ఆపగలిగేది కాదు. ఎందుకంటే పోస్టల్ ఓటరు ఫొటో చూపించే పనే లేదు. మరోవైపు 2023 మే ఎన్నికల్లో కార్డు లేక తిరిగి వెళ్లి, మళ్లీ రాలేకపోయినవాళ్లు సుమారు 14 వేల మందని ఎలక్టొరల్ కమిషన్ లెక్కకట్టింది. దొంగ దొడ్డివైపు నుంచి వస్తే వీధి వాకిలికి తాళం బిగించినట్టు అయింది.

మనవాళ్లకు ఉపయోగపడే సంగతి ఒకటి: భారత పాస్‌పోర్టు ఇక్కడ చెల్లే గుర్తింపు పత్రం, కామన్వెల్త్ దేశపు పాస్‌పోర్టు కాబట్టి. ఆధార్, మన ఓటరు కార్డు, ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ చెల్లవు. తెలుగు పేర్లతో బల్ల దగ్గర ఇంకో ఇబ్బంది వస్తుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, ఓటరు జాబితాలో వెనక, ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. చిన్న తేడాలకు ప్రిసైడింగ్ ఆఫీసర్ ఒప్పుకుంటారు. కానీ నమోదు చేసుకునేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు రాస్తే ఈ తలనొప్పి ఉండదు.

కవరు విప్పే బల్ల

పోలింగ్ రోజుకు ముందే పోస్టల్ కవర్లు విప్పడం మొదలవుతుంది. పెద్ద హాలు, వరసగా బల్లలు, చుట్టూ చూడటానికి వచ్చిన పార్టీల ఏజెంట్లు. ముందు పెద్ద కవరు కోస్తాం. ప్రకటన కాగితం మీది నంబరు, చిన్న కవరు మీది నంబరు కలిశాయా చూస్తాం. ప్రకటన స్కానర్‌లోకి పోతుంది. తెర మీద పాత సంతకం, కొత్త సంతకం పక్కపక్కన వస్తాయి. తేడా అనిపిస్తే డిప్యూటీ రిటర్నింగ్ ఆఫీసర్ నిర్ణయిస్తారు. అది దాటాకే చిన్న కవరు విప్పుతాం. బ్యాలెట్ పేపర్ బోర్లా పెట్టే తీయాలి, ఎవరికి ఓటు పడిందో ఎవరికీ కనిపించకూడదు. పార్టీ ఏజెంట్లు మెడలు చాస్తారు, మేం చేతులు అడ్డం పెడతాం.

తిరస్కరణకు వెళ్లే వాటిలో మోసం వాసన వచ్చేవి చాలా తక్కువ. ఎక్కువ భాగం అమాయకపు పొరపాట్లే. పుట్టినతేదీ రాయమంటే ఆ రోజు తేదీ రాస్తారు. భార్యాభర్తల కాగితాలు తారుమారవుతాయి, ఆయన ప్రకటన ఆవిడ కవర్లో ఉంటుంది. పదేళ్ల కిందటి సంతకానికీ ఇప్పటి సంతకానికీ పోలికే ఉండదు. తెలుగులో సంతకం చేసే పెద్దవాళ్లు నన్ను అడుగుతుంటారు, చెల్లుతుందా అని. నిక్షేపంగా చెల్లుతుంది, రెండుచోట్లా ఒకేలా ఉంటే చాలు. చేయి వణికే జబ్బున్నవాళ్లు, చదవడం రాయడం రానివాళ్లు సంతకం నుంచి మినహాయింపు కోరవచ్చు.

2024లో ఆంధ్రప్రదేశ్ ఎన్నికల లెక్కింపు ముందు జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్‌తో వచ్చే 13ఏ ఫారం మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఒక్కటి ఉంటే చాలా, పేరు, హోదా, సీలు కూడా ఉండాలా అన్నది. సంతకం చాలన్న ఎన్నికల సంఘం వైఖరి మీద వివాదం హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ వెళ్లింది, కోర్టులు జోక్యం చేసుకోలేదు. ఆ వార్తలు చదువుతుంటే మా బల్ల దగ్గర వాదనే విన్నట్టుంది. తప్పు ఓటును ఆపాలనే పట్టు బిగిస్తే నిజమైన ఓటు పోతుంది, వదులు చేస్తే దొంగ ఓటు వస్తుంది. ఇంగ్లండ్ మాత్రం అధికారి సాక్ష్యాన్ని కాకుండా ఓటరు పుట్టినతేదీని నమ్ముకుంది. నా లెక్కలో అది మెరుగైన దారి. కానీ ఒక ఇంట్లో ఉన్నవాళ్లకు ఒకరి పుట్టినతేదీ ఒకరికి తెలుసు, ఒకరి సంతకం ఒకరికి కంఠతా వచ్చు.

ఇంట్లో పెన్ను ఎవరిది

ఇరవై ఏళ్ల చట్టాలన్నీ ఒక వరసలో పెట్టి చూస్తే, ఓటరు జాబితా నుంచి పోస్టాఫీసు దాకా, కౌన్సిల్ ఆఫీసు నుంచి లెక్కింపు దాకా దాదాపు ప్రతి మెట్టుకూ కాపలా వచ్చింది. కవరు ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్లి, మళ్లీ బయటకు వచ్చేలోపు ఏం జరుగుతుందో చూసేవాళ్లు 2004లోనూ లేరు, ఇప్పుడూ లేరు. సంతకం ఆవిడదే, పుట్టినతేదీ ఆవిడదే, గుర్తు మాత్రం వేరేవాళ్లది అయితే నా స్కానర్ పట్టుకోలేదు.

ఒక ఉగాది కార్యక్రమంలో ఓటు నమోదు గురించి మాట్లాడుతుంటే, చక్కగా చదువుకుని ఉద్యోగం చేస్తున్న ఒకావిడ నాతో, ‘మావి ఆయనే నింపేస్తారండీ, నేను సంతకం పెట్టేస్తా, నాకు ఈ పార్టీలవీ తెలీవు’ అన్నారు. ఆవిడ మొహంలో భయం లేదు, బలవంతం లేదు. కరెంటు బిల్లు ఆయన కడతారు, ఇదీ ఆయనే చూస్తారు, అంతే. ‘పార్టీ సంగతి వదిలేయండి, మీ వీధిలో చెత్త బండి వస్తోందా?’ అని అడిగాను. ఆ తర్వాత ఆవిడ పార్కింగ్ గురించీ, పిల్లాడి స్కూల్ సీటు గురించీ చాలాసేపు మాట్లాడారు. అభిప్రాయాలు లేక కాదు, ఆ కాగితం తనదని ఎవరూ చెప్పక.

ప్రేమగా నింపిపెట్టినా, బెదిరించి నింపినా బ్యాలెట్ పేపర్ మీద తేడా కనిపించదు. పోలింగ్ బూత్‌లో ఒకరి వెనక ఇంకొకరు నిలబడి ఓటును ప్రభావితం చేయాలని చూస్తే 2023 బ్యాలెట్ సీక్రసీ చట్టం కింద నేరం. పోలింగ్ స్టేషన్‌లో నేను భర్తని మర్యాదగా ‘సార్, మీరు అక్కడ ఆగండి’ అనగలను. వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర అనలేను. పోస్టల్ ఓటరు ఎవరికి వేస్తున్నారో తెలుసుకోవాలని ప్రయత్నించడం కూడా 2022 చట్టం ప్రకారం నేరమే, కానీ ఆ గదిలో ఫిర్యాదు చేసేది ఎవరు?

దీనికి విరుగుడుగా పోస్టల్ ఓటు తీసేయాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. మంచం మీద ఉన్న ముసలివాళ్లు, రాత్రి షిఫ్టు నర్సులు, ఒంటరిగా పిల్లల్ని పెంచే తల్లులు అప్పుడు ఓటే వేయలేరు. మన దేశం వేరే దారి పట్టింది. అడిగిన అందరికీ పోస్టల్ ఓటు ఇవ్వలేదు, 85 ఏళ్లు దాటినవాళ్లకూ, వైకల్యం ఉన్నవాళ్లకూ పోలింగ్ సిబ్బందే ఇంటికి వెళ్లి ఓటు వేయిస్తారు. వీడియో కూడా తీస్తారు. ఆ కొద్ది నిమిషాలైనా ఓటరు చేతిలోని కాగితం ఓటరుదే అని చెప్పే మనిషి ఒకరు గదిలో ఉంటారు. ఇంగ్లండ్‌లో కనీసం కోరుకున్నవాళ్లకు ఈ ఏర్పాటు ఉండాలన్నది నా వాదన. ఖర్చవుతుందంటారు, అవుతుంది.

ఒక్క కవరు తేడాతో ఏమవుతుందని అడిగేవాళ్లకు నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ సంగతి చెబుతాను. 2017లో సౌత్ బ్లైత్ వార్డులో ఇద్దరు అభ్యర్థులకు చెరి 356 ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కించినా అంతే. చివరికి పుల్లలు లాగి తేల్చారు, లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థి గెలిచారు. కన్సర్వేటివ్‌లు 67లో 33 సీట్ల దగ్గర ఆగిపోయి ఒక్క సీటుతో మెజారిటీ పోగొట్టుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో కూడా 2018 నుంచి 69 చిన్న వార్డులు చేసి కౌన్సిలర్లను 101కి తగ్గించారు. బోర్డ్‌స్లీ గ్రీన్‌కు ఇప్పుడు ఒక్కరే కౌన్సిలర్, ఆస్టన్‌కు ఇద్దరు. వార్డు చిన్నదైతే కౌన్సిలర్ జనానికి దగ్గరవుతాడు, ఆ మేరకు మంచిదే. దాంతోపాటే ఒక్కో వీధిలోని కవర్ల కట్ట బరువు కూడా పెరిగింది.

మా దగ్గర పనిచేసేవాళ్లకూ, నన్ను అడిగే తెలుగు కుటుంబాలకూ నేను చెప్పేది ఒకటే. 2023 అక్టోబర్ 31కి ముందు తీసుకున్న పోస్టల్ ఓట్లన్నీ 2026 జనవరి 31తో ముగిసిపోయాయి, కాబట్టి అప్పుడు తీసుకున్నవాళ్లు కావాలంటే కొత్తగా దరఖాస్తు చేయాలి. ఆన్‌లైన్‌లో ఎవరి ఫారం వాళ్లే, తమ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో, తమ ఈమెయిల్‌తో నింపాలి. కవరు వచ్చాక తన పేరున్నది తనే విప్పాలి. గుర్తు పెట్టి, చిన్న కవరు అంటించాకే అది ఇంకొకరి చేతిలోకి వెళ్లవచ్చు. ప్రచారానికి వచ్చినవాళ్లు కవరు అడిగితే, వాళ్లెంత తెలిసినవాళ్లయినా ఇవ్వకూడదు. ఖాళీ కాగితం ఎవరైనా పట్టుకెళ్లినా, కవరు అసలు రాకపోయినా కౌన్సిల్ ఎన్నికల ఆఫీసుకు ఫోన్ చేసి, గుర్తింపు కార్డుతో స్వయంగా వెళ్లండి. పోలింగ్ రోజు సాయంత్రం 5 గంటల దాకా కొత్త బ్యాలెట్ ఇస్తారు. పాతదాన్ని మా జాబితాలో రద్దు చేస్తాం, తర్వాత ఎవరు నింపి పంపినా దాన్ని లెక్కించం.